చలికాలానికి పెరడు సిద్ధం చేసుకుందాం



అక్టోబరు నెల మధ్యకు వచ్చేసరికి అప్పనపల్లి చుట్టుపక్కల పెరళ్ళు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఆనపపాదు ముదిరి ఆకులు పండిపోతాయి. బెండ మొక్కలు ఎత్తుగా పెరిగి కాపు తగ్గుతుంది. గడ్డి మోకాలెత్తు లేస్తుంది. కొబ్బరి చెట్ల మధ్య నేల ఇంకా చిత్తడిగానే ఉంటుంది. "వానలు పూర్తిగా వెళ్ళనివ్వండి, అప్పుడు చూద్దాం" అని చాలామంది అంటారు. అలా ఆగితే డిసెంబరు వచ్చేస్తుంది. అప్పుడు నాటిన క్యాబేజీ గడ్డ ఊరే వేళకు ఎండలు ముదురుతాయి. గనుక చలికాలపు తోట పని వానలు ఉండగానే మొదలుపెట్టాలి.

ఆరోగ్య పత్రికలో తోట పని గురించి ఎందుకు అని మీరు అడగవచ్చు. మన ఇళ్ళలో ఎక్కువమందికి ఉన్న ఒక జబ్బుకు ఈ పెరటితో సంబంధం ఉంది. అది రక్తహీనత. ఈ పాఠంలో మొదట ఆ సంబంధం చూద్దాం. తరువాత నేలను, విత్తనాలను, మన ఒంటిని ఎలా సిద్ధం చేసుకోవాలో నేర్చుకుందాం. చివరకు పెరట్లో పండినది ఎవరి పళ్ళెంలోకి చేరాలో ఆలోచిద్దాం.

1. పెరటికీ రక్తానికీ సంబంధం ఏమిటి?

2019-21 సంవత్సరాలలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 సంవత్సరాల వయసుగల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత ఉంది. ఆరు నెలలు నిండిన పిల్లల నుండి ఐదేళ్ళలోపు పిల్లల వరకు చూస్తే నూటికి సుమారు 63 మందికి ఉంది. అంటే ఒక వీధిలో పదిమంది స్త్రీలు నిలబడితే అందులో ఆరుగురికి రక్తం తక్కువ.

గర్భిణీ స్త్రీకి హిమోగ్లోబిన్ 11 గ్రాములు, మిగిలిన స్త్రీలకు 12 గ్రాములు, పురుషులకు 13 గ్రాములు ఉండాలి. అంతకంటే తగ్గితే రక్తహీనత అంటారు. మెట్లెక్కితే ఆయాసం, పని చేస్తుంటే కళ్ళు తిరగడం, కాళ్ళు లాగడం, పిల్లలకు చదువు మీద మనసు నిలవకపోవడం దీని గుర్తులు. చాలామంది స్త్రీలు దీనిని నీరసం అనుకొని ఏళ్ళ తరబడి భరిస్తారు. కాన్పు సమయంలో రక్తస్రావమైతే అటువంటి తల్లి ప్రాణానికే ముప్పు.

రక్తం తయారవడానికి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, విటమిన్ బి12, మంచి మాంసకృత్తులు కావాలి. ఆకుకూరలలో ఫోలిక్ ఆమ్లం బాగా ఉంటుంది, ఇనుము కూడా ఉంటుంది. తోటకూర, మునగాకు, పాలకూర, మెంతికూర వంటి వాటిలో కంటిచూపుకు కావలసిన విటమిన్ ఎ గా మారే పదార్థం కూడా ఉంది. రోజూ ఆకుకూర కొనాలంటే కూలి మీద బ్రతికే ఇంటికి భారమే. పెరట్లో ఉంటే కొంగు నిండా కోసుకురావచ్చు.

అయితే ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ఆకుకూరలోని ఇనుమును మన శరీరం కొద్దిగానే పీల్చుకుంటుంది. కాబట్టి ఇప్పటికే రక్తం బాగా తగ్గినవారికి ఆకుకూర ఒక్కటే చాలదు. మాత్రలు కూడా కావాలి. గర్భిణీ స్త్రీలు నాలుగవ నెల నుండి రోజుకు ఒకటి చొప్పున కనీసం 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్ర వేసుకోవాలి. బడిలో పిల్లలకు వారానికి ఒకసారి ఇచ్చే మాత్రను పారవేయనివ్వకండి. రక్తం ఎక్కడానికి మాత్ర కావాలి. ఎక్కిన రక్తం మళ్ళీ తగ్గకుండా ఉండాలంటే రోజూ తినే కూరలో బలం ఉండాలి. ఆ కూరను పెరడు ఇస్తుంది.

2. మన చలికాలం ఎలాంటిది?

ఉత్తర భారతదేశంలో చలికాలం అంటే మంచు పడి మొక్కలు మాడిపోతాయని భయం. మనకు ఆ భయం లేదు. నవంబరు చివరి నుండి ఫిబ్రవరి మొదటి వారాల వరకు పగలు ఎండ మెత్తగా ఉంటుంది, రాత్రి చల్లబడుతుంది, తెల్లవారుజామున మంచు కురుస్తుంది. కూరగాయలకు సంవత్సరం మొత్తంలో ఇంత మంచి కాలం మరొకటి లేదు. వేసవిలో ఎండకు, శ్రావణ భాద్రపదాలలో ముంపుకు పోయే మొక్కలు కూడా ఈ మూడు నెలలు హాయిగా పెరుగుతాయి.

మన చిక్కంతా నీటితోనే. కోనసీమ గోదావరి పాయల మధ్య ఉన్న పల్లపు నేల. అప్పనపల్లి వైనతేయ ఒడ్డునే ఉంది. జూలై నుండి సెప్టెంబరు వరకు ఎప్పుడైనా వరద రావచ్చు. 1986 ఆగస్టు వరదను పెద్దవారు ఇప్పటికీ చెప్పుకుంటారు. 2022 జూలై వరద మనందరం చూసినదే. వరద వెళ్ళిన తరువాత ఈశాన్య ఋతుపవనం, తుపానులు వస్తాయి. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను కోనసీమలో కొబ్బరి తోటలను నేలకూల్చి ఎన్నో ప్రాణాలను తీసుకుంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. చిత్త కార్తెలో చినుకు తన చిత్తం వచ్చినచోట పడుతుందని పెద్దలు అన్నారు. అక్టోబరు, నవంబరు నెలల వాతావరణాన్ని నమ్ముకోలేము.

గనుక మన పెరటికి రెండు నియమాలు. మొదటిది, నీరు నిలవని ఎత్తు మళ్ళు కట్టుకోవాలి. రెండవది, విత్తనం అంతా ఒకేసారి చల్లకుండా విడతలుగా వేసుకోవాలి. ఈ రెండూ చేసినవారికి తుపాను వచ్చినా తోట అంతా పోదు.

3. మట్టిలో దిగే ముందు

వరద వచ్చి వెళ్ళిన మట్టిలో మంచి ఒండ్రుతో పాటు మురుగు కూడా ఉంటుంది. పెరట్లో పని చేసేవారు ఈ జాగ్రత్తలు తీసుకోవాలి.

కాళ్ళకు చెప్పులు: తడి మట్టిలో కొంకి పురుగు పిల్లలు ఉంటాయి. అవి వట్టి పాదాల చర్మంలో నుండి లోపలికి వెళ్ళి, చివరకు ప్రేగులకు అంటుకొని రక్తం పీలుస్తాయి. ఒకపక్క రక్తం కొరకు ఆకుకూర పండిస్తూ, మరోపక్క వట్టికాళ్ళతో తిరిగి రక్తం పోగొట్టుకోవడం తగదు. ఇంట్లో అందరూ మరుగుదొడ్డి వాడాలి. 1 నుండి 19 సంవత్సరాల పిల్లలకు ఫిబ్రవరి, ఆగస్టు నెలలలో నులిపురుగుల నివారణ దినాన ఇచ్చే మాత్ర తప్పక వేయించండి.

పుండ్లు, పగుళ్ళు ఉన్నవారు: ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. కాలికి గాయం ఉంటే దాని గుండా ఆ క్రిమి లోపలికి వెళుతుంది. తడిలో పనిచేసిన కొద్ది రోజులకు జ్వరం, పిక్కల నొప్పులు, కళ్ళు ఎర్రబడడం, పచ్చబడడం కనిపిస్తే వెంటనే డాక్టరు గారికి చూపించి, "నేను వరద నీటిలో తిరిగాను" అని చెప్పండి. ఆ ఒక్క మాట వైద్యానికి ఎంతో సహాయపడుతుంది.

షుగరు, బోదకాలు ఉన్నవారు: షుగరు జబ్బు ఉన్నవారికి పాదాలలో స్పర్శ తగ్గుతుంది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. వీరు మూసి ఉన్న చెప్పులు వేసుకొని పని చేసి, సాయంత్రం రెండు పాదాలను వెలుతురులో పరీక్షగా చూసుకోవాలి. బోదకాలు ఉన్నవారు సబ్బుతో కాలు కడుక్కొని వేళ్ళ సందులలో తడి లేకుండా తుడుచుకోవాలి. చిన్న పుండు కూడా జ్వరానికి, వాపుకు దారితీస్తుంది.

పాములు: ముంపు తరువాత పాములు కొబ్బరి మట్టల గుట్టలలో, కట్టెల క్రింద, గడ్డిలో చేరుతాయి. చేతితో తీయకముందు కర్రతో కదపండి. ఎవరినైనా పాము కరిస్తే గాయాన్ని కోయవద్దు, నోటితో పీల్చవద్దు, తాడుతో బిగించి కట్టవద్దు. కరిచిన చేయి లేక కాలు కదలకుండా ఉంచి, 108 కు ఫోను చేసి ఆసుపత్రికి తీసుకురండి. మంత్రం వేయించడానికి వెళ్ళి గడిపిన గంట మళ్ళీ రాదు.

ఇనుప ముక్క గానీ గునపం గానీ తగిలి గాయమైతే శుభ్రంగా కడిగి, ధనుర్వాతం టీకా గురించి నర్సమ్మను అడగండి.

4. నేలను సిద్ధం చేయడం

స్థలం: కూరగాయలకు రోజుకు ఐదారు గంటల ఎండ కావాలి. ఆకుకూరలు మూడు నాలుగు గంటల ఎండతో సరిపెట్టుకుంటాయి. కొబ్బరి నీడ దట్టంగా పడేచోట టమాటా వేసి కాయలేదని బాధపడవద్దు. అక్కడ కంద, చేమ, అల్లం, పసుపు వంటివి బాగుంటాయి. ఎండ తగిలే తూర్పు, దక్షిణ పక్కలను కూరగాయలకు ఉంచండి.

శుభ్రం: ముదిరిన పాదులు, తెగులు తగిలిన మొక్కలు పీకి వేయండి. తెగులు ఉన్నవాటిని ఎరువు గుంటలో వేయకండి. ముంపు నీరు తాకిన ఆకుకూరలను, నేలకు ఆనుకున్న కాయలను తినకుండా తీసివేయండి.

ఎత్తు మళ్ళు: మూడు అడుగుల వెడల్పు, ముప్పావు అడుగు నుండి అడుగు ఎత్తు ఉండేలా మళ్ళు కట్టండి. మూడడుగులు ఎందుకంటే, రెండు పక్కల నుండి చేయి అందుతుంది, మడిని తొక్కనవసరం లేదు. రెండు మళ్ళ మధ్య అడుగు వెడల్పున బోదె తీయండి. బోదెలన్నీ ఒక మురుగు కాలువలోకి వాలి ఉండాలి. ఆ నీరు పక్కవారి ఇంటి గోడ దగ్గరకు గానీ మీ బావి దగ్గరకు గానీ పోకూడదు. పని అయ్యాక ఒక బిందెడు నీరు బోదెలో పోసి చూడండి. నీరు ఎక్కడ ఆగితే అక్కడ మళ్ళీ పార పట్టాలి.

మడి పని చేసే ముందు పిడికెడు మట్టి తీసి నొక్కి చూడండి. జిగురుగా ముద్ద కట్టి చేతికి అంటితే ఇంకా తవ్వకూడదు. అంత తడిలో తవ్విన బంక మట్టి ఎండిన తరువాత రాయిలా గడ్డలు కడుతుంది. ముద్ద చేతిలో పొడిపొడిగా విడిపోతే అదే తవ్వడానికి సమయం.

ఎరువు: బాగా చివికిన పశువుల ఎరువు మడికి చదరపు గజానికి ఒక తట్ట చొప్పున కలపండి. పచ్చి పేడ వేయకండి. అది వేళ్ళను మాడ్చి, చెదలను, ఈగలను తెస్తుంది. పొయ్యి బూడిద కొద్దిగా కలిపితే మంచిది. మరుగుదొడ్డి గుంట నుండి తీసినది కూరగాయల మళ్ళకు ఎన్నడూ వాడకండి.

కొబ్బరి వ్యర్థాలు: ఇవి మన ప్రాంతానికి ఉన్న సంపద. ఎండు మట్టల ఆకును, ఎండుగడ్డిని మొక్కల మొదళ్ళ చుట్టూ పరిస్తే జనవరిలో తేమ ఆరిపోకుండా ఉంటుంది, కలుపు తగ్గుతుంది. పీచు మిల్లుల నుండి వచ్చే తాజా కొబ్బరి పొట్టును నేరుగా మడిలో కలపవద్దు. దానిలోని వగరు మొక్కను ఎదగనివ్వదు. పేడతో కలిపి కొన్ని నెలలు చివకనిచ్చిన తరువాత వాడుకోండి. కొబ్బరి డొక్కలను మొక్కల చుట్టూ పరచేవారు వాటిని బోర్లా పెట్టండి. వెల్లకిలా ఉన్న ప్రతి డొక్కలో, ప్రతి చిప్పలో వాన నీరు నిలిచి డెంగీ దోమ పెరుగుతుంది. పాత కుండలు, టైర్లు, పగిలిన బకెట్లు కూడా అంతే. వారానికి ఒక రోజు పెరడంతా తిరిగి నిలవ నీరు ఒంపివేయండి.

ఉప్పు నీరు: సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళలో బోరు నీరు ఉప్పగా ఉంటుంది. అటువంటి నీటికి చిక్కుడు జాతులు, ఉల్లి, క్యారెట్ తట్టుకోలేవు. బీట్‌రూట్, పాలకూర కొంత తట్టుకుంటాయి. ఈ రెండూ ఒకే కుటుంబానికి చెందినవే. కాలువ నీరు గానీ, పట్టి ఉంచిన వాన నీరు గానీ ఉంటే దానిని నారుమడికి కేటాయించండి. లేత మొక్కకు మంచి నీరు అందితే ముదిరాక కాస్త ఉప్పును ఓర్చుకుంటుంది.

5. ఏమి, ఎప్పుడు వేయాలి?

అక్టోబరు రెండవ సగం: ఎత్తైన నారుమడిలో గానీ, అడుగున చిల్లులు పెట్టిన తొట్టిలో గానీ వంగ, టమాటా, మిరప, క్యాబేజీ, కాలిఫ్లవర్ నారు పోయండి. పైన మట్టలతో చిన్న పందిరి వేస్తే జోరు వాన నారును పడగొట్టదు. చూరు క్రింద తొట్టి పెట్టుకున్నవారు తుపాను వేళ లోపలికి తెచ్చుకోవచ్చు. కడియం నర్సరీల నుండి నారు తెచ్చుకునేవారు పొట్టిగా, గట్టి కాండంతో ఉన్న మొక్కలను ఎంచుకోండి.

నవంబరు మొదటి సగం: తోటకూర, పాలకూర మొదటి విడత విత్తండి. పాలకూర విత్తనాలు ఒక రాత్రి నానబెట్టాలి. తోటకూర గింజ చాలా సన్నం, గనుక పొడి ఇసుకతో కలిపి చల్లండి. ఈ విడత వానకు పోయినా నష్టం కొద్దిగానే.

నవంబరు రెండవ సగం: 25 నుండి 30 రోజుల నారును సాయంత్రం వేళ నాటండి. ముల్లంగి, బీట్‌రూట్, మెంతి, కొత్తిమీర విత్తండి. ధనియాలను చెప్పు క్రింద మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి నానబెడితే త్వరగా మొలుస్తాయి. ఆకుకూరలు రెండవ విడత వేయండి.

డిసెంబరు, జనవరి: ప్రతి పదిహేను రోజులకు ఒక చిన్న మడి ఆకుకూర విత్తుతూ ఉండండి. తోటకూర, మెంతి 25 నుండి 30 రోజులలో, పాలకూర కొంచెం తరువాత కోతకు వస్తాయి. ముల్లంగి 40 నుండి 45 రోజులలో వస్తుంది. ముల్లంగి దుంపతో పాటు లేత ఆకును కూడా కూర వండుకోండి. దానిని పారవేసే ఇళ్ళు చాలా ఉన్నాయి.

పందిరి చిక్కుడు విత్తనం వానాకాలంలోనే పెట్టి ఉంటారు. పగలు తగ్గి రాత్రి పెరిగినప్పుడే అది పూతకు వస్తుంది. గనుక అక్టోబరులో పూత లేదని పాదు పీకివేయకండి. పందిరిని గట్టి చేయండి. సంక్రాంతి నాటికి కాపు మీద ఉంటుంది.

పెరటి గట్టు మీద నీరు నిలవనిచోట ఒక మునగ కొమ్మ, ఒక కరివేపాకు, ఒక నిమ్మ, ఒక జామ ఉండాలి. ఇవి ఏళ్ళ తరబడి ఇచ్చే చెట్లు. బచ్చలి తీగ ఒకటి నీళ్ళ తొట్టి పక్కన వేస్తే ఏడాది పొడవునా ఆకు ఇస్తుంది. కంద తవ్వే రోజులలో కంద బచ్చలి కూర మన గోదావరి ఇళ్ళకు క్రొత్త కాదు.

స్థలం లేనివారు నిరుత్సాహపడవద్దు. బియ్యం సంచిలో సగం మట్టి, సగం చివికిన ఎరువు నింపి, అడుగున చిల్లులు పెట్టి మెట్ల పక్కన ఉంచితే తోటకూర, మెంతి, మిరప పండుతాయి. అద్దె ఇంట్లో ఉన్నవారికి కూడా ఇది వీలవుతుంది.

6. వాయుగుండం కబురు వచ్చినప్పుడు

రేడియోలోగానీ, టీవీలోగానీ హెచ్చరిక వినగానే మొదట మనుషులను, మంచినీటిని, మందులను చూసుకోండి. బి.పి., షుగరు, క్షయ, మూర్ఛ మందులు కనీసం వారం రోజులకు సరిపడా ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచుకోవాలి. నెలలు నిండిన తల్లిని ముందే ఆసుపత్రికి దగ్గరలో ఉంచాలి.

ఆ తరువాత సమయం ఉంటే పెరటి పని. కోతకు వచ్చిన ఆకు, కాయలు కోసివేయండి. బోదెలలో చెత్త తీసివేయండి. నారు తొట్టెలను లోపల పెట్టండి. విత్తనాలలో సగం ఎప్పుడూ సీసాలో మిగిల్చి ఉంచండి. వాన వెలిసిన తరువాత నీరు తీసివేసి, మట్టి ఆరాక పైపైన గుల్ల చేస్తే వేళ్ళకు గాలి తగులుతుంది. పోయినచోట మిగిల్చిన విత్తనం మళ్ళీ వేయండి. నవంబరులో తుపాను వచ్చినా మనకు ఇంకా రెండున్నర నెలల చల్లని కాలం ఉంటుంది.

7. పురుగులు, మందులు

చలికాలంలో మంచు పట్టినప్పుడు చిక్కుడుకు పేనుబంక వస్తుంది. మొదట పట్టిన కొసలను తుంచివేయండి. నీటిని జోరుగా కొట్టి కడగండి. పావు కిలో వేపగింజల పొడిని ఐదు లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కొద్దిగా సబ్బు నీరు కలిపి సాయంత్రం చల్లండి. వరిచేనుకు, కొబ్బరికి వాడగా మిగిలిన పురుగుమందును పెరటి కూరల మీద చల్లవద్దు. పురుగుమందు సీసాను వంటింట్లో ఉంచవద్దు. ఖాళీ డబ్బాలో నూనె గానీ, నీరు గానీ పోయవద్దు.

8. పెరట్లో నుండి పళ్ళెంలోకి

తోట బాగా పండినా ఇంటివారికి రక్తం పట్టకపోవచ్చు. దానికి కారణాలు వంటింట్లో ఉంటాయి.

ఆకును కోయకముందే మూడుసార్లు మంచి నీటిలో కడగండి. తరిగిన తరువాత కడిగితే విటమిన్లు నీటిలో పోతాయి. ఉడికించిన నీటిని పారబోయకుండా పప్పులో కలపండి. కొద్దిగా నూనె వేసి వండితే విటమిన్ ఎ ఒంటికి పడుతుంది. తినేటప్పుడు నిమ్మరసం పిండుకోండి, లేదా భోజనంతో ఒక జామకాయ ముక్క, ఉసిరికాయ తినండి. విటమిన్ సి ఉంటే ఇనుము ఎక్కువగా ఒంటికి పడుతుంది. భోజనం చేసిన వెంటనే టీ, కాఫీ త్రాగకండి. గంట సేపు ఆగండి. టీ ఇనుమును అడ్డగిస్తుంది. వీలైన రోజున చేప, గ్రుడ్డు చేర్చుకోండి. చేపలోని ఇనుము తేలికగా పడుతుంది. ఆకుకూరలలో విటమిన్ బి12 ఉండదు, అది చేప, గ్రుడ్డు, పాలలో ఉంటుంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల ప్రకారం పెద్దవారి పళ్ళెంలో రోజుకు ఆకుకూరలు, కూరగాయలు కలిపి సుమారు 400 గ్రాములు ఉండాలి. ఇప్పుడు మన ఇళ్ళను చూడండి. భర్తకు, పిల్లలకు, అత్తమామలకు వడ్డించిన తరువాత తల్లి తింటుంది. అప్పటికి గిన్నెలో కూర అడుగు కనిపిస్తుంది. ఆమె మిగిలిన అన్నంలో పచ్చడి కలుపుకొని లేచిపోతుంది. పెరట్లో నీళ్ళు పోసింది ఆమె, కలుపు తీసింది ఆమె, కూర తరిగింది ఆమె. ఇంటిలో రక్తం తక్కువ ఉన్నది కూడా ఆమెకే. గనుక భర్తలకు, అత్తగార్లకు మా మనవి ఇది: కూర దింపగానే ఇంటి ఇల్లాలికి, గర్భిణీ అయిన కోడలికి, ఎదిగే ఆడపిల్లకు ముందుగా ఒక గిన్నెలో తీసి పక్కన పెట్టండి. లేదా అందరూ కలిసి కూర్చొని తినండి. ఇది చేయకపోతే ఎన్ని మళ్ళు వేసినా ఆమె హిమోగ్లోబిన్ అంతే ఉంటుంది.

కొందరికి ప్రత్యేక హెచ్చరిక. కిడ్నీ జబ్బు ఉన్నవారు ఆకుకూరలు ఎంత తినవచ్చో డాక్టరు గారిని అడిగి తినాలి. వాటిలోని పొటాషియం వారికి చేటు చేయవచ్చు. గుండె కవాటం ఆపరేషన్ అయి రక్తం పలుచబడే వార్ఫరిన్ మాత్ర వాడేవారు ఆకుకూరలను ఒక్కసారిగా పెంచకూడదు, ఒక్కసారిగా మానకూడదు. షుగరు ఉన్నవారు ఆకుకూరలు, ముల్లంగి, చిక్కుడు ధారాళంగా తినవచ్చు. కంద, చేమ వంటి దుంపలు తిన్న రోజున అన్నం తగ్గించుకోవాలి.

9. ఈ వారం చేయవలసిన పనులు

ఒకటి: పెరట్లో నీరు ఎక్కడ నిలుస్తుందో వాన పడుతుండగా చూసి గుర్తు పెట్టుకోండి.
రెండు: నిలవ నీటి చిప్పలు, డబ్బాలు బోర్లించండి.
మూడు: ఒక ఎత్తు మడి కట్టండి. అన్నీ ఒకే రోజు కట్టనవసరం లేదు.
నాలుగు: ఇంట్లోని స్త్రీలు, పిల్లలు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకొని ఆ అంకెను ఒక పుస్తకంలో వ్రాసుకోండి. సంక్రాంతి తరువాత మళ్ళీ చేయించుకొని పోల్చి చూడండి.
ఐదు: మీ దగ్గర ఎక్కువ ఉన్న విత్తనాలను పొట్లం కట్టి పక్కింటివారికి ఇవ్వండి. ఆదివారం గుడి దగ్గర కలిసినప్పుడు ఒకరికొకరు మార్చుకోవచ్చు.

నేర్చుకొన్నది చూసుకుందాం

1. మన ప్రాంతంలో చలికాలపు మొక్కలకు ఎక్కువ హాని చేసేది ఏది?
2. తడి మట్టిలో చెప్పులు లేకుండా తిరిగితే రక్తం ఎలా తగ్గుతుంది?
3. కొబ్బరి డొక్కలను బోర్లా ఎందుకు పెట్టాలి?
4. ఆకుకూర తిన్నప్పుడు నిమ్మరసం మంచిదా, టీ మంచిదా? ఎందుకు?
5. మీ ఇంట్లో చివరగా భోజనం చేసేది ఎవరు? రేపటి నుండి ఆ వరుస ఎలా మార్చుతారు?

ఈ ప్రశ్నలను ఇంటిల్లిపాదీ కూర్చొని చదువుకోండి. చదవడం రాని పెద్దలకు పిల్లలు చదివి వినిపించండి. ఐదవ ప్రశ్నకు జవాబు మాత్రం నోటితో చెప్పక, రేపు మధ్యాహ్నం వడ్డన దగ్గర చేసి చూపించండి.